గట్టు మీదికి నడిచొచ్చిన ఇల్లు

"మనం వెళ్ళేసరికి అక్కడ చూడ్డానికి ఏమైనా మిగిలి ఉంటుందంటావా?" అని అడిగింది త్రేస్య.

గెడ వేస్తున్న పడవవాడు, పొద్దున్నే ఇంత దిగులేమిటి చేచ్చీ అని సొంత అక్కనడిగినట్టు అడిగాడు. త్రేస్య చేతి గడియారం చూసుకుంది. తొమ్మిదీ పది. మధ్యాహ్నం మూడింటికి భూమి ట్రైబ్యునల్ తహసీల్దారు మణిక్కరి ఊరికి వచ్చి, చక్కి తన అర్జీలో చెప్పిన చోటు కళ్ళతో చూసి నిర్ణయం రాస్తాడు. ఒకసారి రాశాడంటే రాసినట్టే.

చక్కి అరవై ఏళ్ళ పొలం కూలీ. రాఘవ కైమళ్ గారి కొబ్బరితోటలో పూరిల్లు వేసుకుని పదహారేళ్ళుగా ఉంటున్నానని ఆమె అర్జీ. కిందటేడు వచ్చిన కొత్త చట్టం ప్రకారం, అలాంటి ఇంటి చుట్టూ పది సెంట్లు ఆ ఇంటి మనిషివే. పోయిన మంగళవారం ఊరంతా వరికోతకు పోయింది. పొద్దున ఏడింటికి చక్కి తడిక వేసి వెళ్ళినప్పుడు ఇల్లు తోటలోనే ఉంది. సాయంత్రం ఐదున్నరకు తిరిగొస్తే లేదు. కాలిపోలేదు, కూలిపోలేదు. రెండు వందల గజాల అవతల కాలవ గట్టు మీద, సర్కారు పోరంబోకులో నిలబడి ఉంది. అవే గుంజలు, అదే కప్పు, అవే కుండలు. తోటలో ఇల్లున్న చోట మూడడుగుల గుంటలు తవ్వి, కొబ్బరి మొక్కలు నాటి, నీళ్ళు కూడా పోసేశారు.

బుధవారం ఊరి సబ్ ఇన్‌స్పెక్టర్ దామోదర పణిక్కర్ వచ్చి చూసి, ఈ మనిషి మొదటినుంచీ గట్టు మీదే ఉంటోంది, తోటలో ఇల్లన్నది అబద్ధం అని రిపోర్టు రాశాడు. పోరంబోకులో ఇల్లయితే కైమళ్ భూమిలో ఆమెకు గజం కూడా రాదు. సాక్ష్యం చెప్పేవాళ్ళూ లేరు. ఊళ్ళో ముప్పై కుటుంబాలు కైమళ్ చోట్లలోనే ఉంటున్నాయి, అందరి అర్జీలూ నడుస్తున్నాయి, ఎవరి భయం వాళ్ళది. రిపోర్టు చదివిన జిల్లా సూపరింటెండెంటుకు ఎక్కడో అనుమానం తగిలి, నేర పరిశోధన విభాగం నుంచి హెడ్ కానిస్టేబుల్ త్రేస్యను పంపించాడు.

త్రేస్యకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. జరగబోయే చెడ్డల్లో అన్నిటికన్నా చెడ్డది ఏమిటో ముందే అనుకోవడం ఆమెకు కూతురు పుట్టిన నాటి నుంచీ అలవాటైపోయింది. కూతురు నర్సింగు చదువుకు హాస్టలుకు వెళ్ళినా అలవాటు వెళ్ళలేదు. ఇంట్లో నవ్వుతారు. ఆఫీసులో మాత్రం చిక్కు కేసులు వెతికి వెతికి ఆమెకే ఇస్తారు.

పడవ మలుపు తిరిగేసరికి ముందు ఇంకో పడవ కనిపించింది. అందులో ఇద్దరు మనుషులు, ఒక పొడుగు రంపం, రెండు గొడ్డళ్ళు, చుట్ట చుట్టిన లావు తాడు. వాళ్ళెవరని అడిగితే, కైమళ్ గారు చెట్లు కొట్టేవాళ్ళకు కబురు పెట్టారని పడవవాడు చెప్పాడు. ఏ చెట్లో అతనికి తెలియదు.

ఒడ్డు తగిలే లోపే త్రేస్య నోటుబుక్కులో కాగితం చింపి తహసీల్దారుకు నాలుగు ముక్కలు రాసింది. మూడింటిదాకా ఆగితే సాక్ష్యం ఉండకపోవచ్చు, దయచేసి రెండింటికే రండి అని. ఏ సాక్ష్యమో తనకే తెలియదు. కాగితం పడవవాడి చేతిలో పెట్టి, తిన్నగా తాలూకా ఆఫీసుకు పొమ్మంది. "దారిలో చాయ్ తాగకు. పడవ ఎక్కడా కట్టకు. కాగితం తడిసిందంటే మన పని అయిపోయినట్టే," అని మూడుసార్లు చెప్పింది.

"మీ అమ్మాయి ఎలా భరిస్తోంది చేచ్చీ మిమ్మల్ని?" అని నవ్వుకుంటూ అతను పడవ తిప్పాడు. అప్పటికి తొమ్మిదీ నలభై ఐదు.

రేవులో చక్కి నిలబడి ఉంది. నల్లగా, సన్నగా, నిటారుగా. చేతులు కట్టుకోలేదు, తల వంచలేదు. ఏడుస్తూ కాళ్ళ మీద పడుతుందేమో, ఎలా సముదాయించాలో అని దారంతా అనుకుంటూ వచ్చిన త్రేస్యకు కాస్త సిగ్గేసింది. చక్కి ముందు నడిచి గట్టు మీది ఇల్లు చూపించింది. ఇంటి బయట రెండు ఇటుకలు, వాటి మధ్య బూడిద, మీద గంజి కుండ. పక్కన ఒక చాప.

ఐదు రోజులుగా ఆరుబయటే పడుకుంటోందని, ఇంట్లో అడుగు పెట్టలేదని, కుండ కూడా పొరుగువాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నదేనని త్రేస్య ఒక్కో ప్రశ్నతో బయటికి లాగింది. వాన పడితేనో, పాము వస్తేనో అని త్రేస్యకు దిగులేసింది. ఆ మాటే అడిగింది.

"పామైతే కరిచి పోతుంది," అంది చక్కి. "ఆ గడప తొక్కితే ఒప్పుకున్నట్టేగా. నా ఇల్లు తోటలో ఉంది. ఇది ఎవరిదో నాకు తెలీదు."

త్రేస్య వంగి లోపలికి వెళ్ళింది. చిన్న గది. పేడతో అలికిన నేల పైన ఆరింది గానీ బొటనవేలితో నొక్కితే కింద మెత్తగా దిగుతోంది. పదహారేళ్ళు తొక్కిన నేల అలా దిగదు. మూల మూడు పొయ్యిరాళ్ళు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చాలాసేపు చూసింది. తర్వాత లేచి కప్పు చూసింది. అల్లిన కొబ్బరాకులను వాసాలకు కొబ్బరిపీచు తాడుతో కట్టారు. ప్రతి ముడీ రెండు చుట్లు తిరిగి, తాడు కొస ముడి లోపలికే దోపి ఉంది. ఒక ముడి దగ్గర వేలు పెట్టి అటూ ఇటూ తడిమింది. కొస ఎక్కడా తగల్లేదు.

"చక్కీ, నీ ఇంటి కప్పు ఎవరు కట్టేవాళ్ళు?"

"నేనే. ఏటా."

"కొసలు ఇలా దోపుతావా?"

చక్కి గడప బయట నుంచే మెడ చాచి చూసింది. తనకంత తీరిక ఎక్కడిది, ముడి వేసి వదిలేస్తానని చెప్పింది.

బూట్ల చప్పుడు వినిపించింది. దామోదర పణిక్కర్ గట్టు మీదికి వచ్చాడు. త్రేస్యకన్నా పదేళ్ళు చిన్నవాడు, రెండు మెట్లు పైవాడు. అతని వెనక తెల్లటి పంచె, భుజాన తువ్వాలుతో రాఘవ కైమళ్. మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. ఎండన పడి వచ్చారు, లేత కొబ్బరినీళ్ళు తెప్పిస్తానని అన్నాడు. త్రేస్య వద్దంది.

"హెడ్డు గారు సబ్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు దిద్దడానికి వచ్చారన్నమాట," అన్నాడు పణిక్కర్.

"అయ్యో, అంత చదువు నాకెక్కడిది సార్. అర్థం చేసుకుందామని వచ్చా. బుధవారం మీరు ఈ ఇంటి లోపలికి వెళ్ళారా?"

"వెళ్ళాను. పొయ్యి, కుండలు, చాప. రోజూ వండుకు తింటున్న ఇల్లని రాశాను."

"ఏ పొయ్యి మీద సార్?"

పణిక్కర్ విసుగ్గా లోపలికి తొంగి చూసి మూలన ఉన్న రాళ్ళు చూపించాడు. త్రేస్య అతన్ని దగ్గరికి రమ్మంది. మూడు రాళ్ళలో రెండింటి మసి లోపలి వైపుకే ఉంది. మూడోదాని మసి గోడ వైపుకు తిరిగి ఉంది. మంట తగలాల్సిన ముఖం తెల్లగా ఉంది.

"ముసలిది. చూపానక తిరగేసి పెట్టి ఉంటుంది."

"పెట్టి వండితే ఈ ముఖానికి కూడా మసి పట్టాలి కదా సార్. వేలితో రాసి చూడండి. మట్టి తప్ప ఏమీ అంటదు. ఈ రాళ్ళ మధ్య ఒక్క పుల్ల కూడా వెలగలేదు. పొయ్యి ఎప్పుడూ అంటించని మగవాడెవడో వీటిని మోసుకొచ్చి ఇక్కడ పెట్టాడు."

"పోలీసు శాఖలో పొయ్యి పాఠాలు కూడా మొదలయ్యాయా?"

"రిపోర్టులోకి పొయ్యిని తెచ్చింది మీరే సార్."

పణిక్కర్ ముఖం ఎర్రబడింది. కైమళ్ మాత్రం నవ్వి, వంటింటి సంగతులు ఆడవాళ్ళకే తెలుస్తాయని, అయినా రాయి తిరగేసి ఉన్నంత మాత్రాన తన తోటలో ఇల్లుందని తేలదు కదా అని నెమ్మదిగా అన్నాడు. అదీ నిజమే. ఇల్లు గట్టు మీదికి కొత్తగా వచ్చిందని రాళ్ళు చెబుతాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో, అక్కడ ఎన్నేళ్ళుందో చెప్పవు. తహసీల్దారుకు కావలసింది ఆ రెండో సంగతే.

"చూశావా చక్కీ, ఎంత తిప్పలు పెట్టావో అందర్నీ," అన్నాడు కైమళ్. "అడిగితే నేనే గట్టు మీద మంచి ఇల్లు కట్టించేవాణ్ణి."

"అడగడానికి రాలేదు కైమళ్ గారూ," అంది చక్కి.

నలభై ఏళ్ళుగా ఆ నోటి వెంట 'తంబురానే', అంటే దొరా అని తప్ప ఇంకో పిలుపు రాలేదు. పెద్దాయన్ను పిలిచే పద్ధతేనా అది అని పణిక్కర్ కసిరాడు. చక్కి అతని వైపు కూడా చూడకుండా, చట్టం చదివి వినిపించినప్పుడు అందులో తంబురాన్ అన్న మాట తగల్లేదని చెప్పింది. త్రేస్యకు నవ్వొచ్చింది. వెంటనే, ఈ మనిషిని ఈ ఊళ్ళో రేపట్నుంచి పనిలోకి ఎవరు పిలుస్తారో అని దిగులూ వచ్చింది.

పన్నెండు దాటుతుండగా ఆమె తోటలోకి వెళ్ళింది. చక్కి చూపించిన చోట మూడు గుంటలు, మూడు మొక్కలు. పొయ్యి ఉన్న చోటే నడిమి గుంట తవ్వారు. కాలిన మట్టి దొరుకుతుందని ఆశపడింది గానీ మూడడుగుల లోతు మట్టి తీసి, కాలవలో పోసి, కొత్త బురద నింపారు. ఎవరో బాగా ఆలోచించి చేసిన పని. చక్కి భర్తను ఆరేళ్ళ కిందట ఆ ఇంటి వెనకే పాతిపెట్టారని అర్జీలో ఉంది. వేరే నేల లేనివాళ్ళు ఇంకెక్కడ పాతిపెడతారు? వీళ్ళు ఆ చోటు కూడా తవ్వేసి ఉంటే? త్రేస్య గుంటల వెనక వైపు చూసింది. ఆ మాట చక్కిని అడగలేకపోయింది.

"అక్కడ తవ్వలేదు," అంది చక్కి తనే, ఆమె చూపు ఎటు పోయిందో గమనించి. "పొద్దున్నే వచ్చి చూసుకున్నా. అక్కడ మాత్రం పార పడలేదు."

త్రేస్య ఆ మాట పట్టుకుంది. ఇంత జాగ్రత్తగా అంతా తుడిచేసినవాళ్ళు ఆ ఒక్కచోటు ఎందుకు వదిలేశారు? పని చేసినవాళ్ళలో ఒకరికి చెయ్యి ఆడలేదన్నమాట. ఆ ఒక్కడు ఎవరో తెలిస్తే చాలు.

తల ఎత్తి చూసింది. తోటలో ఈ వరస చెట్లన్నీ ముప్పై ఏళ్ళ కిందట ఒకే ఏడు నాటినవని కైమళ్ గట్టు మీద గొప్పగా చెప్పాడు. అన్నీ అడుగు నుంచి మొవ్వు దాకా సన్నగా, ఇసుక నేలలో తిండి చాలని పిల్లల్లా ఉన్నాయి. గుంటలకు అటూ ఇటూ ఉన్న రెండు మాత్రం వేరు. రెండు నిలువుల ఎత్తు దాకా అవీ అంతే సన్నం. అక్కణ్ణుంచి ఒక్కసారిగా లావెక్కి, అదే లావుతో మొవ్వు దాకా పోయాయి. ఆ రెండింటికీ నడుము ఎత్తున తెల్లటి సున్నం గుర్తులున్నాయి.

పస్తులున్న పిల్లకు ఒక ఏడాది నుంచి రెండు పూటలా అన్నం దొరికితే ఒళ్ళు ఎలా తేరుకుంటుందో త్రేస్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేపలు కడిగిన నీళ్ళు, గంజి, పొయ్యి బూడిద, కోళ్ళ పెంట. ఇవి రోజూ దొరికిన చెట్టు అలా తేరుకుంటుంది. కొబ్బరిచెట్టు ఒకసారి సన్నగా పెరిగిన చోట మళ్ళీ లావెక్కదు. ఏ ఏడు ఎలా తిన్నదో ఆ ఏటి మేర అలాగే ఉండిపోతుంది. రాలిన ప్రతి మట్టా కాండం మీద ఒక చార వదిలిపోతుంది. లావెక్కిన చోటు నుంచి మొవ్వు దాకా ఆ చారలు లెక్కపెడితే, ఈ చెట్టు పక్కన ఎన్నేళ్ళు సంసారం జరిగిందో తెలిసిపోతుంది.

ఆ సంగతి తెలిసినవాడెవడో కైమళ్‌కు చెప్పాడు. అందుకే కొట్టాల్సినవిగా ఈ రెండింటికే సున్నం.

చెట్టు మొదట్లో ఒకతను కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. వావచ్చన్, ఊళ్ళో దింపు తీసే మనిషి. కొట్టబోయే చెట్టు మీది కాయలు ముందు దించమని పిలిచారట. ఊళ్ళో దింపు తీసేవాళ్ళు ఇద్దరే. రెండోవాడు కాలు విరిగి నెలరోజులుగా మంచం మీద ఉన్నాడని చక్కి చెప్పింది. వావచ్చన్ పక్కన, చెట్టు ఎక్కేటప్పుడు కాళ్ళకు తగిలించుకునే తాడు చుట్ట పడి ఉంది. త్రేస్య దాన్ని చేతిలోకి తీసుకుని ముడి చూసింది. రెండు చుట్లు. కొస లోపలికి దోపి ఉంది.

"ఇలా ఎందుకు దోపుతారు వావచ్చన్?"

"చీలమండకు ఒరుసుకోకుండా." అతను తల ఎత్తలేదు.

"మరి ఇంటి కప్పుకు చీలమండలు ఉండవు కదా?"

కత్తి నూరే చప్పుడు ఆగింది. ఆమె పక్కనే కూలబడి మెల్లిగా అడుగుతూ పోయింది. గట్టు మీది ఇంట్లో నలభై రెండు ముళ్ళున్నాయి, అన్నీ ఇవే. చేతికి అలవాటైన ముడి మనిషి కళ్ళు మూసుకున్నా అలాగే వేస్తాడు. మంగళవారం కోతకు అతను రాలేదని పొద్దున తను అడిగిన ముగ్గురు చెప్పారు. ఎవరెవరు వచ్చారు, ఎవరు చెప్పి చేయించారు? వావచ్చన్ కత్తి పదును బొటనవేలితో చూసుకున్నాడు. చివరికి ఆమె దిగులు కొద్దీ తనకు తోచిన అన్నిటికన్నా చెడ్డ సంగతి అడిగేసింది.

"నీ ఇల్లు కూడా ఆయన చోటులోనే కదా. నీ పది సెంట్లు గొడవ లేకుండా రాసిస్తానన్నాడా?"

"నాకు ఆడపిల్ల ఉంది," అన్నాడు వావచ్చన్. అంతే. మళ్ళీ కత్తి నూరడం మొదలుపెట్టాడు.

తనకూ ఉంది అనబోయి త్రేస్య తాడు చుట్టను అతని పక్కన పెట్టేసింది.

ఒంటిగంటా నలభైకి పణిక్కర్, కైమళ్, చెట్లు కొట్టే ఇద్దరూ వచ్చారు. పణిక్కర్ చేతిలో కాగితం ఉంది. రెండు చెట్లకూ వేరు తెగులు సోకింది, తోట మొత్తానికి అంటకముందే కొట్టేయడానికి అభ్యంతరం లేదని అతనే సంతకం పెట్టాడు. వావచ్చన్‌ను ఎక్కి కాయలు దించమన్నాడు.

త్రేస్య లేచి చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

"తెగులొస్తే మట్టలు పసుపు రంగుకు తిరిగి ఆకులు ముడుచుకుంటాయి సార్. వీటిని చూడండి. తోటలో ఇంత ఆకుపచ్చగా ఇంకోటి లేదు."

"పక్కకు జరుగు త్రేస్యా. నేను నీకు పై అధికారిని."

"సూపరింటెండెంటు గారు మీకూ పై అధికారి సార్. ట్రైబ్యునల్ చూసేదాకా స్థలం ఉన్నది ఉన్నట్టు ఉండాలని ఆయన రాసిచ్చారు."

"స్థలం అన్నారు. చెట్టు అనలేదు."

"చెట్టు గాల్లో ఉందా సార్?"

కొట్టేవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, పణిక్కర్ చూపు తగిలి నోరు మూసుకున్నాడు. రేపటికల్లా సస్పెన్షన్ కాగితం ఇంటికొస్తుందని, కూతురు ఫీజు ఎవరు కడతారో ఆలోచించుకోమని పణిక్కర్ గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె దాన్ని పొద్దున్నే పడవలో ఆలోచించింది. హాస్టలు వాళ్ళు పెట్టె బయట పెట్టడం, పిల్ల బస్‌స్టాండులో ఒంటరిగా నిలబడటం కూడా ఆలోచించింది. ఇంక కొత్తగా భయపడటానికి ఏమీ మిగల్లేదు.

"నన్ను నరికి ఆ తర్వాత చెట్టు నరకమనండి," అంది.

చక్కి వెళ్ళి రెండో చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

గొడ్డళ్ళవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆడవాళ్ళ మీదికి గొడ్డలెత్తడం తమ పని కాదని, కావాలంటే కూలీ వద్దని చెప్పి నేల మీద కూర్చున్నారు. పణిక్కర్ స్టేషనుకు మనిషిని పంపబోతుండగా కాలవలో గెడ చప్పుడైంది. రెండూ ఇరవై. గొడుగు వేసుకుని తహసీల్దారు ఉన్నిత్తాన్ ఒడ్డు దిగాడు. వెనక పడవవాడు, చాయ్ తాగలేదన్నట్టు ఖాళీ చెయ్యి ఊపి చూపించాడు.

త్రేస్య చెప్పిందంతా తహసీల్దారు విన్నాడు. రెండు చెట్ల చుట్టూ తిరిగాడు, వరసలోని మిగతా చెట్ల దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. చెట్టు ఏడాదికి ఎన్ని మట్టలు రాలుస్తుందని అడిగాడు.

"పన్నెండు, బలమైన చెట్టయితే పదమూడు," అన్నాడు కైమళ్. తోట సంగతి ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేడు.

"అయితే ఎవరో ఒకరు ఎక్కి లెక్కపెట్టాలి. ఈయన మీ మనిషే కదా. ఈయన చెప్పిన లెక్కకు మీరు ఒప్పుకుంటారా?"

కైమళ్ వావచ్చన్ వైపు చూశాడు. పెదవుల మీదికి నవ్వొచ్చింది. "మావాడే. ఒప్పుకుంటాను. రాసుకోండి."

త్రేస్య లెక్క వేసుకుంది. ఇతను ముప్పై అని చెబితే? మూడేళ్ళ లోపు అని రాస్తారు, చక్కి పని తీరిపోతుంది. ఈ చెట్టు సంగతి బయటపెట్టింది తనే. చక్కి మెడకు తాడు తనే బిగించింది. ఇంకో ఊరి నుంచి ఎక్కేవాణ్ణి పిలిపిద్దామని ఆమె అంటుండగా చక్కి అడ్డు తగిలింది.

"ఇతన్నే ఎక్కనివ్వండి," అంది. "ఇరవై ఏళ్ళుగా ఇతను పైనుంచి గెల గెలకీ కాయల లెక్క అరిచి చెబుతుంటే, కింద పోగేసింది నేను. ఒక్క కాయ తేడా రాలేదు. చెట్టు మీద నుంచి తప్పు లెక్క చెప్పే జాతి కాదు దింపు మనిషి. కిందికి దిగాక మాట్లాడమనకండి. పైనుంచే చెప్పమనండి."

ఆమె గొంతులో బతిమాలటం లేదు. తన సొంత మనిషి పనితనం గురించి పరాయివాళ్ళకు చెబుతున్నట్టు ఉంది.

వావచ్చన్ లేచాడు. కాళ్ళకు తాడు తగిలించుకుని చెట్టుకు ఒకసారి నుదురు ఆనించాడు. ఎక్కాడు. రెండు నిలువుల దగ్గర ఆగి, లావెక్కిన చోటు అరచేత్తో తడిమి, అక్కణ్ణుంచి ఒక్కో చార మీద బొటనవేలు పెడుతూ పైకి పోయాడు. పెదవులు కదలడం కింద నుంచి కనిపిస్తూనే ఉంది. రెండూ నలభై ఎనిమిదికి మొవ్వు చేరి, మట్టల మధ్య నడుము దాకా దూరి నిలబడ్డాడు.

"ఎన్ని?" అని తహసీల్దారు గొడుగు వంచి అరిచాడు.

గాలికి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. త్రేస్య గడియారం చూసింది. ఒక నిమిషం. రెండు.

"వావచ్చా," అన్నాడు కైమళ్, ఎప్పటిలాగే మెత్తగా. "నీ కాగితం నా బల్ల మీదే ఉంది. సాయంత్రం సంతకం చేద్దామనుకుంటున్నా. చూసి చెప్పు."

ఆ మాట అందరూ విన్నారు. తహసీల్దారు కలం ఆగింది. మూడో నిమిషం. పైన వావచ్చన్ కింది మనుషుల వైపు చూడటం లేదు. పడమటి వైపు, చెట్ల తలల మీదుగా ఎక్కడో చూస్తున్నాడు. మట్టను పట్టుకున్న అతని చెయ్యి బిగుసుకోవడం త్రేస్యకు కనిపించింది. పడిపోతాడేమోనని ఆమె రెండు చేతులూ తెలియకుండానే ముందుకు చాచింది. చక్కి మాత్రం చెట్టుకు ఆనిన వీపు తీయలేదు, తల పైకెత్తి చూడలేదు. నాలుగో నిమిషం కూడా గడిచింది.

అప్పుడు పైనుంచి వినిపించింది. కాయల లెక్క చెప్పే గొంతు, ఒక్కో ముక్కా విడివిడిగా, తోట చివరి దాకా వినపడేలా.

"నూట తొంభై ఏడు. రాసుకోండి సార్. పదహారేళ్ళు. ఇక్కడున్న ఇల్లు విప్పింది నేను, గట్టు మీద కట్టింది నేను, రాళ్ళు మోసింది నేను. చేయించింది కైమళ్ గారు. ఇంటి వెనక సమాధి చోటు కూడా ఆయన తవ్వమంటే నేను తవ్వలేదు." ఒక క్షణం ఆగాడు. "తొందరగా మనుషుల్ని పంపండి సార్. ఇక్కణ్ణుంచి నా ఇల్లు కనిపిస్తోంది. కప్పు మీద కైమళ్ గారి మనుషులు ముగ్గురు ఉన్నారు, విప్పుతున్నారు."